ఆరో పొట్లం

అత్తగారు ఇచ్చిన జాబితాలో ఆవగింజంత వ్యర్థం కూడా ఉండదని ఆ ప్రయోగశాలలో అందరికీ గట్టి నమ్మకం. అత్తగారంటే మనిషి కాదు, యంత్రం. కాగితాల మీద దానికి ఇంగ్లీషులో మూరెడు పేరుంది. అయితే "అదెందుకు పట్టుకెళ్తున్నావు, ఇదెందుకు మర్చిపోయావు" అని ప్రతి సంచీనీ ఆరా తీస్తుంది కాబట్టి కొండలెక్కేవాళ్ళు ఈ పేరు తగిలించారు, అదే ఖాయమైపోయింది. విశాఖపట్నం శివార్లలో ఒక పాత జీడిపప్పు గోదాములో దాని కాపురం. ఇప్పటికీ వానాకాలంలో ఆ గోడలు జీడిపిక్కల వాసన వేస్తాయి.

బుధవారం పొద్దున్న పదింటికి అత్తగారు కొత్త జాబితా ఇచ్చింది. శుక్రవారం తెల్లవారుజామున ఆరుగురు సీకుమెట్ట లోయకు బయల్దేరుతున్నారు. వెళ్ళి రావడం నాలుగు రోజులు, సోమవారం సాయంత్రానికి తిరుగు ప్రయాణం. సరంజామా సర్దే పని చేతనది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, పదకొండేళ్ళుగా సంచులు సర్దుతోంది, చెయ్యి పెట్టి చూడకుండానే తూకం చెప్పగలదు. టీ గ్లాసు పక్కన పెట్టుకుని కాగితం మొదటినుంచీ చదవడం మొదలుపెట్టింది.

అటుకులు, పల్లీలు, బెల్లం. గుడ్డసంచి రెండు. కీళ్ళనొప్పుల మందు ఒకటి, సగం వాడినది. అత్తగారు అలాగే అడుగుతుంది, సగం వాడినదని. కొత్త సీసా పెడితే సగం బరువు దండగ కదా. ప్రతి వస్తువు పక్కనా అది ఏ సంచిలో, ఏ జేబులో ఉండాలో కూడా రాసి ఉంటుంది. తొందరగా అందాల్సినవి పైజేబులోకి వెళ్తాయి. పోయిన ఆషాఢంలో ఇలాగే ఒక ఎడమకాలి చెప్పు అదనంగా పెట్టమంది. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. రెండో రోజు వాగు దాటుతుంటే దారి చూపే బుద్రు ఎడమకాలి చెప్పు నీళ్ళపాలైంది. చెయ్యి పైజేబులోకి వెళ్ళింది, చెప్పు వచ్చింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

వెళ్ళేవాళ్ళు నెల ముందునుంచీ ముంజేతికి పట్టీ కట్టుకుని తిరుగుతారు. ఎప్పుడు తింటారు, ఎలా అడుగేస్తారు, దేనికి గుండె దడదడలాడుతుంది, అన్నీ ఆ పట్టీ అత్తగారికి చేరవేస్తుంది. కొండ మీది గాలి, ఎండ, పూత, జంతువుల జాడ ఉపగ్రహాల నుంచి వస్తాయి. పద్దెనిమిది గంటలు వీటన్నిటినీ కలిపి నూరి ఒక కాగితం ఇస్తుంది. అక్కడ ఏం జరుగుతుందో దానికి తెలియదు. ఏం ఖర్చవుతుందో మాత్రం తెలుసు.

చేతన చివరి పేజీకి వచ్చింది. ఆదివారం రాత్రి భోజనం పొట్లాలు, ఆరు. సోమవారం మధ్యాహ్నం భోజనం పొట్లాలు, అయిదు.

ఆమె మళ్ళీ చదివింది. అయిదే.

పొట్లం ఒకటి తగ్గితే ఏమవుతుందని బయటివాళ్ళకు అనిపించవచ్చు. చేతనకు మాత్రం లింగరాజు గుర్తొచ్చాడు. మాఘమాసంలో జరిగిన నడకకు అత్తగారు చివరి రోజు ఫలహారం ఒకటి తక్కువ అడిగింది. అచ్చులో పొరపాటు పడిందనుకుని చేతన తన చేత్తో ఆ అంకె దిద్ది, ఒకటి కలిపింది. మూడో రోజు సాయంత్రం లింగరాజు పాకుడు రాయి మీద జారి లోయలో పడ్డాడు. ఇరవై నాలుగేళ్ళవాడు. ఆమె కలిపిన పొట్లం కట్టు విప్పకుండా వెనక్కి వచ్చింది. దాన్ని పారేయలేక, ఉంచుకోలేక ఆమె పడిన బాధ ఆ దేవుడికే తెలియాలి.

ఇప్పుడు వెళ్తున్న ఆరుగురిలో ముందు నడిచేది ఆమె చెల్లెలు ప్రగతి.

*

ప్రయోగశాల పెద్ద కొండలరావు గారు కాగితం అందుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, చాలాసేపు చూశారు.

"ఎవరికైనా ఆ పూట కడుపు బాగుండదేమోనమ్మా," అన్నారు.

"మాఘంలో కూడా ఇలాగే అనుకున్నాం సర్."

ఆయనేమీ రాతి గుండె మనిషి కాదు. లింగరాజు తల్లి దగ్గరికి ప్రతి నెలా వెళ్ళి కూర్చుని వచ్చేది ఆయనే.

"ఈ నడక ఆపేద్దాం సర్. పోనీ, ప్రగతికైనా చెప్పనివ్వండి."

"నియమం నీకు తెలియనిది కాదు. సర్దినవాళ్ళు నడవకూడదు, నడిచేవాళ్ళు జాబితా చూడకూడదు. మొదటి ఏడాది ఏమైంది? కట్టుకట్టే గుడ్డ ఉందని తెలిసి ఒకాయన అడుగుకో ఆలోచన చేసి, ఆ కంగారులోనే కాలు విరగ్గొట్టుకున్నాడు. నువ్వు చెప్పావనుకో, వాళ్ళ నడకే మారిపోతుంది. తర్వాత జరిగేది నీ మాటవల్ల జరిగినట్టవుతుంది. అది మొయ్యగలవా?"

చేతన తల వంచుకుంది.

"పొట్లం తక్కువైనప్పుడల్లా ఆపుకుంటూ పోతే, తక్కువకి అర్థమేమిటో మనకి ఎప్పటికీ తెలియదమ్మా," అని ఆయన మెల్లగా అన్నారు. కాగితం తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం ఆయన ఆ అంకెను వేలితో మరోసారి తడిమి చూశారు. అది చూసి చేతనకు ఉన్న ధైర్యం కాస్తా పోయింది.

*

వాళ్ళ నాన్న సైన్సు మాస్టారు. పెద్దదానికి చేతన అని, పన్నెండేళ్ళ తర్వాత పుట్టినదానికి ప్రగతి అని పేర్లు పెట్టుకున్న మనిషి. అమ్మ పోయినప్పుడు ప్రగతికి నాలుగేళ్ళు. జడలు వేసింది, లెక్కలు చెప్పింది, జ్వరం వస్తే మేలుకుని కూర్చుంది చేతనే. నాన్న కూడా పోయాక ఆ ఇంట్లో ఇద్దరే మిగిలారు.

ఆ సాయంత్రం ప్రగతి వంటింటి గట్టు మీద కూర్చుని బెండకాయలు తరుగుతోంది. కాళ్ళు ఊపుతోంది. చేతనకు ఆ ఊగే కాళ్ళ మీదనుంచి చూపు తిప్పడం చేతకాలేదు.

"ఈసారికి మానెయ్యవే," అంది.

"ఏం?"

"ఒంట్లో బాగాలేదని చెప్పు. నీ బదులు ఇంకెవరైనా వెళ్తారు."

"నాకు బాగానే ఉందిగా? నీకే ఏదో అయింది, మొహం చూడు ఎలా ఉందో." ప్రగతి కత్తి పక్కన పెట్టింది. "అక్కా, జాబితా చూసి మాట్లాడుతున్నావా?"

చేతన మొహం తిప్పుకుని పొయ్యి మీద మూకుడు పెట్టింది. ప్రగతికి అదే జవాబైంది.

"వద్దు, ఒక్క ముక్క కూడా చెప్పకు," అని ప్రగతి రెండు చేతులతో చెవులు మూసుకుంది. నవ్వుతూనే మూసుకుంది గానీ ఆ నవ్వు చివరిదాకా నిలవలేదు. "నువ్వు చెప్పావనుకో, నేను భయపడతాను. ముందు నడిచేదాన్ని నేను భయపడితే వెనకాల అయిదుగురూ భయపడతారు. నేను మానేస్తే మాత్రం? అక్కడ ఏదో ఉంటే అది ఇంకొకరి మీద పడుతుంది. నన్ను ఇంట్లో కూర్చోబెట్టి ఆ మాట వినమంటావా?"

"నా మాట వినవే ఒక్కసారి."

"అన్నీ నీ మాటే విన్నానక్కా. ఇదొక్కటీ వదిలెయ్." గట్టు దిగి వచ్చి అక్క భుజం మీద గడ్డం ఆనించింది. "అయినా అత్తగారు ఉంది, సర్దేదానివి నువ్వున్నావు. నాకేం భయం?"

బెండకాయ వేపుడు మాడిపోయింది. ఇద్దరూ అదే తిన్నారు.

*

గురువారం పొద్దున్న సంచులు సర్దుతుంటే చేతనకు భయం కాస్తా మొండితనంగా మారింది. ఊరికే చేతులు ముడుచుకుని కూర్చోవడం ఆమెవల్ల కాలేదు. లింగరాజు జారిపోయినప్పుడు పొడవైన తాడు లేదని బుద్రు చెప్పిన మాట చెవిలో మోగుతోంది. ఈసారి జాబితాలోనూ తాడు లేదు. అయితే తాడు పెడతాను, అనుకుంది. ఆరో పొట్లం కూడా పెడతాను. పొట్లం ఉంటే తినే మనిషి ఉండి తీరాలని ఆ క్షణాన ఆమెకు అనిపించింది. చదువుకున్న మనిషి, శాస్త్రం తెలిసిన మనిషి, అయినా భయానికి ఇవేవీ లెక్కలోకి రావు.

చిక్కల్లా తూకంతోనే. కాగితం మీద ఉన్నదానికన్నా సంచి యాభై గ్రాములు పెరిగినా కొండలరావు గారు గుమ్మం దాటనివ్వరు. బరువు పెరిగితే నడక మారుతుంది. తాడు, పొట్లం కలిపి కిలోంబావు. అంత బరువు దేంట్లోంచో తియ్యాలి.

తిండి తియ్యలేదు. మందులు తియ్యలేదు. అప్పుడు ప్రగతి సంచికి రాసిన జాబితాలో ఆమె వేలు ఒకచోట ఆగింది. దోమతెరలు, రెండు. పైజేబులో.

కార్తీకమాసంలో సీకుమెట్ట మీద నీళ్ళు వేళ్ళను కొరికేస్తాయి. ఆ చలికి దోమ అన్నది కనబడదు. ఆ కొండకే వెళ్ళిన రెండు పాత జాబితాలు తీసి చూసింది, రెంటిలోనూ తెరలు లేవు. అడిగిందంటే అత్తగారికి ఏదో ఉద్దేశం ఉంటుంది, అని ఒక మనసు గొణిగింది. దోమలు కుడితే మనుషులు చచ్చిపోరు, అని ఇంకో మనసు దాని నోరు మూసింది. తెరలు రెండూ బల్ల కింద పెట్టేసి, వాటి స్థానంలో తాడు చుట్టి పైజేబులో కుక్కింది. పొట్లం అదే సంచిలో మిగతా అయిదింటి పక్కన పెట్టింది. తూకం సరిగ్గా సరిపోయింది.

అప్పుడు గడియారం తొమ్మిది చూపిస్తోంది. మార్చిన సంచుల వివరం అత్తగారికి ఇస్తే పద్దెనిమిది గంటలకు, అంటే వాళ్ళు బయల్దేరడానికి ముందే, జవాబు వస్తుంది. చేతన మీట మీద వేలు పెట్టింది. ఆరు వస్తే సరే. మళ్ళీ అయిదే వస్తే? నాలుగు వస్తే? ఆ కాగితం చేతిలో పట్టుకుని చెల్లెలికి టాటా చెప్పాలి. ఆమె వేలు వెనక్కి తీసేసుకుంది. వ్యవధి లేదులే, అని తనకు తానే చెప్పుకుంది. వ్యవధి ఉంది. లేనిది ధైర్యం.

*

రోజూ సాయంత్రం ఆరింటికి కొండ మీదనుంచి వైర్‌లెస్‌లో కబురు వస్తుంది. శుక్రవారం వచ్చింది, అంతా క్షేమం. శనివారం వచ్చింది, అంతా క్షేమం. ఆ మధ్య వేళల్లో చేతన అన్నం కలిపి అలాగే వదిలేసింది, వీధిలో ఎవరు గేటు తీసినా ఉలిక్కిపడి లేచింది. కుళాయి కింద చేతులు కడుక్కుంటూ, ఎందుకొచ్చిందో మర్చిపోయి నిలబడిపోయింది. ఇంకా ఏమీ జరగలేదు, అయినా ఆమె ఇంట్లో జరిగిపోయినట్టే ఉంది.

ఆదివారం ప్రగతి గొంతే వినిపించింది. గరగరల మధ్య నవ్వు.

"మా అక్కకి చెప్పండి సర్, నేనింకా ఉన్నానని!"

కొండలరావు గారు నవ్వారు. చేతన కూడా నవ్వింది, తర్వాత గోదాము వెనక్కి వెళ్ళి గోడకు ఆనుకుని ఏడ్చింది. ఇంకొక్క పూట. పాకుడు రాళ్ళు దాటేశారు, వాగు దాటేశారు. ఇంకొక్క పూట గడిస్తే చాలు.

సోమవారం పన్నెండుంబావుకు వైర్‌లెస్ పలికింది. సాయంత్రం ఆరింటికి కాదు, మిట్టమధ్యాహ్నం. బుద్రు గొంతు.

"ఈగలు బాబూ! కొండ ఈగలు! ఆసుపత్రికాడికి వొచ్చీండి, బేగి రండి!"

ఆ తర్వాత గరగర తప్ప ఇంకేమీ లేదు.

*

కొండ కింది ఆసుపత్రి చేరేసరికి నాలుగైంది. వరండాలో నలుగురు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. మొహాలు వాచిపోయి ఎవరెవరో పోల్చుకోవడానికి లేదు. చేతన ఒక్కొక్కరినే చూసుకుంటూ వెళ్ళింది. మొక్కల మీద పరిశోధన చేసే త్రిపురసుందరి గారు, ఇద్దరు కుర్రాళ్ళు, ఒక ఫొటోలు తీసేవాడు. లేచి ఎదురొచ్చినవాడు బుద్రు. అయిదుగురు. చేతన అక్కడే ఆగిపోయింది.

"దారిలోనే పోనాదమ్మా," అన్నాడు బుద్రు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది, రెండో కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. "మంచం మీద మోసుకొస్తన్నాం. నా చెయ్యి అట్టుకునే ఉంది. సగం దారికొచ్చీసరికి చెయ్యి ఒదిలీసింది."

చేతన నేల మీద కూలబడింది. కొండలరావు గారు ఆమె భుజం పట్టుకున్నారు. ఆమెకు ఏడుపు రాలేదు. ఎలా, అని మాత్రం అడిగింది.

బుద్రు ఆమె ఎదురుగా చతికిలబడి చెప్పాడు. లోయ సన్నబడే చోట, రాతి చూరు కింద పెద్ద తేనెపట్టు ఉంది. గద్ద ఒకటి వచ్చి దాన్ని తన్నిపోయింది. ఈగలు మబ్బులా దిగాయి. పరుగెత్తడానికి ఇటు రాయి, అటు రాయి.

"పాప బెదరలేదమ్మా. పైజేబులో సూడండి, అత్తగారు ఏదో ఎట్టుంటాది, అని అరిసింది. తన సంచిలో సెయ్యెట్టింది. తాడొచ్చింది. ఆ తాడట్టుకుని ఒక్క చనం అలా నిలబడిపోనాది, ఇదేటి అన్నట్టు. అడుగునున్న దుప్పట్లు లాగీసరికే ఈగలు కమ్మీసినాయి. మొదట చేతికొచ్చిన దుప్పటి సుందరమ్మగారి మీద కప్పీసి ఆవిడి మీద పడుకున్నాది." అతను చొక్కా కొసతో కన్ను ఒత్తుకున్నాడు. "ఒక్క తెరుంటే సాలును. నలుగురికి కాసేది."

బల్ల కింద మడతపెట్టి పెట్టిన రెండు తెరలూ చేతన కళ్ళముందు కదిలాయి. కొండలరావు గారు ఆమె వైపు చూశారు. జాబితా ఆయన కూడా చదివారు. భుజం మీది చెయ్యి మెల్లగా తీసేశారు.

నర్సు వచ్చి, మందు బలంగా ఉందని, అందరూ ఏదో ఒకటి తినాలని చెప్పింది. బుద్రు, ప్రగతి సంచిలోంచి మధ్యాహ్నం పొట్లాలు తీసి బల్ల మీద వరసగా పెట్టాడు. ఆరు. పులిహోర, పెరుగు మిరపకాయలు. ఒక్కొక్కటి ఒక్కొక్కరికి అందించాడు. కుర్రాళ్ళు ఏడుస్తూనే కట్టు విప్పారు.

త్రిపురసుందరి గారు పొట్లం తాకలేదు. వాచిన చేత్తో దాన్ని పక్కకు జరిపారు.

"తినండమ్మా," అన్నాడు బుద్రు.

"ఇవాళ సోమవారం కదా నాయనా. కార్తీక సోమవారాలు ముప్పై ఏళ్ళుగా ఉపవాసం ఉంటున్నాను. చుక్క కనబడేదాకా నీళ్ళే."

చేతన తలెత్తింది. మొదట ఆ మాట ఆమెకు వినబడింది, అంతే. ఆ తర్వాత అర్థమైంది. నెల రోజులుగా ఆవిడ ముంజేతి పట్టీ అత్తగారికి చెబుతూ వచ్చిన సంగతి అది. సోమవారం పగలు ఈ మనిషి తినదు. అయిదు పొట్లాలు చాలు. ఆరుగురూ తిరిగి వస్తారు, అయిదుగురు తింటారు. సైన్సు మాస్టారి ఇంట్లో పంచాంగం లేదు, ఉపవాసం లేదు. మనిషి తినలేదంటే ఒంట్లో బాగాలేదనో, ప్రాణం పోయిందనో తప్ప మూడో కారణం ఉంటుందని ఆ ఇంట్లో పెరిగిన చేతనకు తట్టనే లేదు.

"ప్రగతికి తెలుసా?" అంది.

"తెలియకేం తల్లీ!" త్రిపురసుందరి గారి వాచిన కళ్ళలోంచి నీళ్ళు జారాయి. "కిందటి సోమవారం మీ క్యాంటీన్‌లో నా చేత తినిపించాలని ఎంత గొడవ చేసిందనీ. నిన్న సాయంత్రం కూడా ఆటపట్టించింది. 'అత్తగారు గట్టిది, రేపు మీ పొట్లం ఎగ్గొట్టేసి ఉంటుంది చూడండి' అని."

ఒక్క ముక్క చెప్పి ఉంటే చాలు. వంటింట్లో, బెండకాయలు తరుగుతున్నప్పుడు, సోమవారం పొట్లం ఒకటి తక్కువుందే అని అని ఉంటే, ప్రగతి చెవుల మీద చేతులు తీసేసి పగలబడి నవ్వేది.

త్రిపురసుందరి గారు బల్ల వైపు చూస్తున్నారు. ఆవిడ ముందు ఒకటి, ప్రగతి కోసం తీసి ఎవరూ ముట్టనిది ఒకటి, రెండు పొట్లాలు కట్టు విప్పకుండా ఉన్నాయి. ఆవిడ మనసులోనే లెక్కపెట్టుకుని, ఏమీ తెలియని మనిషి అడిగినట్టే మెల్లగా అడిగారు.

"జాబితాలో అయిదే ఉండాలే. మరి ఆరు పెట్టావేం అమ్మా?"

చేతన ఎవరూ ముట్టని ఆ పొట్లాన్ని చేతిలోకి తీసుకుంది.

"భయమేసిందండీ," అంది.